సుత్తి ఎత్తే ముందు

అల్లుడూ,

వానాకాలమంతా కారును హ్యాండ్ బ్రేక్ వేసి మహబూబ్‌నగర్‌లో ఇంటి ముందర వదిలేసి పోయావు. ఇప్పుడు వెనక చక్రం కదలడం లేదని, దాని బ్రేక్ డ్రమ్ నువ్వే విప్పుకుంటానని అంటున్నావు. విప్పుకో, వద్దనను. కానీ ఆగమాగం చేయకు. అది ఎక్కడ పట్టేసిందో తెలియకుండా సుత్తి ఎత్తితే పగిలేది డ్రమ్మే. అది పోత ఇనుము, అంచు మీద ఒక్క దెబ్బ గట్టిగా పడితే చాలు.

బండి చదునైన నేల మీద ఉండాలి. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, ఫస్ట్ గేరులో వేయి. నీది ముందు చక్రాలతో నడిచే బండి కాబట్టి గేరు పట్టి ఉంచుతుంది. చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, అప్పుడు లేపు. జాకీ లేపడానికే. పని చేసేది స్టాండు పెట్టాకే. మట్టి నేలైతే కింద మందమైన చెక్క పలక వేయి.

ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ దించి చక్రం తిప్పి చూడు. తిరగకపోతే బ్రేక్ షూలు, అంటే డ్రమ్ లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే ముక్కలు, డ్రమ్‌కు అతుక్కున్నాయి, లేదా కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు. లివర్ దగ్గర కేబుల్ వదులు చేసి, చక్రం ఊడదీసి, డ్రమ్ మీద చెక్క ముక్క ఆనించి చుట్టూ మెల్లగా కొడుతూ రా. చాలాసార్లు టక్కుమని వదిలేస్తుంది. చక్రం తిరుగుతూ డ్రమ్ మాత్రం ఊడి రాకపోతే సంగతి వేరు. హబ్ దగ్గర, అంటే డ్రమ్ కూర్చునే నడిమి భాగంలో, తుప్పు పట్టి ఉండాలి, లేదా డ్రమ్ లోపలి అంచు అరగక మిగిలిన గట్టుకు షూలు తట్టుకుంటూ ఉండాలి. గట్టు అయితే ఎంత కొట్టినా రాదు. వెనక ప్లేటులో రబ్బరు మూత ఉంటే తీసి, స్క్రూడ్రైవర్‌తో షూల ఎడం సరిచేసే అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి షూలను దగ్గరికి రానివ్వు.

నడిమిట్ల చిన్న మూత, దాని కింద పెద్ద నట్టు ఉంటే మాత్రం అది విప్పనిదే డ్రమ్ రాదు. బేరింగ్ కూడా దాంట్లోనే ఉంటుంది. ఆ నట్టును మళ్లీ లెక్క ప్రకారం బిగించాలి. నీ దగ్గర టార్క్ పానా లేకపోతే అంతవరకు మెకానిక్‌తో చేయించు, నామోషీ ఏమీ లేదు.

హబ్ తుప్పుకు డబ్ల్యూడీ-40 లాంటిది నడుమన, చక్రం నట్లు ఎక్కే స్టడ్‌ల చుట్టూ కొట్టి రాత్రంతా వదిలేయి. లోపలికి కారనివ్వకు, షూలకు నూనె అంటితే మార్చాల్సిందే. డ్రమ్ మీద మరలున్న రెండు రంధ్రాలు కనిపిస్తే నీ అదృష్టం. వాటి తుప్పు శుభ్రం చేసి, సరిపోయే బోల్టులు పెట్టి, ఇటు సగం చుట్టు, అటు సగం చుట్టు బిగించుకుంటూ పో. ఒకవైపే బిగిస్తే డ్రమ్ వంకరపోయి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. గ్యాస్ మంట పెట్టమని ఎవరైనా చెప్తే వినకు. లోపల రబ్బరు సీళ్లున్నాయి, పక్కన నువ్వు కొట్టిన నూనె ఉంది.

డ్రమ్ ఊడగానే లోపలి దుమ్మును నోటితో ఊదకు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మాస్క్ పెట్టుకుని సబ్బునీళ్లతో తడిపి తుడువు. షూలను తోసే వీల్ సిలిండర్ దగ్గర తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ కారుతున్నట్టే, సిలిండర్ మార్చాలి. డ్రమ్ మీద గరిష్ఠ వ్యాసం పోతపోసి ఉంటుంది. అది దాటి అరిగితే డ్రమ్ కూడా కొత్తది కొనుక్కో. ఆయిల్ పైపు నట్టు గనక పట్టేసి ఉంటే అక్కడ ఆగిపో. బలవంతం చేస్తే పైపే మెలితిరిగి తెగుతుంది.

బిగించాక బండి కదపకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కు. తర్వాత గల్లీలోనే మెల్లగా నడిపి చూడు. పెడల్ మెత్తగా దిగిపోతుంటే బయటికి తీయకు, నాకు ఫోన్ చెయ్యి. ఈసారి నల్లగొండ వచ్చినప్పుడు నా రింగు పానాల సెట్టు పట్టుకుపో, ఇక్కడ ఊరికే పడి ఉంది.

మీ మామ