బొగ్గు, ఉక్కు నగరం డోర్ట్‌మండ్‌లో స్థానిక బీరు ఇంకా మిగిలి ఉందా?

ఉంది, కానీ సీసాల మీది పేర్లను బట్టి లెక్క వేయకండి. జర్మనీలోని ఈ నగరంలో గని, ఉక్కు కార్మికుల దాహమే బీరు పరిశ్రమను పెంచింది. పిల్స్‌నర్ అనే లేత రంగు, చేదు బీరు కన్నా చేదు తక్కువగా, కాస్త చిక్కగా, బంగారు రంగులో ఉండే 'ఎక్స్‌పోర్ట్' ఇక్కడ పుట్టిన రకమే. 1970ల నాటికి జనం పిల్స్‌నర్‌కు మళ్లారు, గనులూ మూతపడుతూ వచ్చాయి. యూనియన్, క్రోనెన్, హాన్సా వంటి ఒకప్పటి ప్రత్యర్థి బీరు పేర్లన్నీ ఇప్పుడు రాడెబెర్గర్ గ్రూపు అనే జర్మన్ బీరు సంస్థ చేతిలో ఉన్నాయి; నగరం ఉత్తర భాగంలో ఉన్న డాబ్ అనే బీరు కర్మాగారంలోనే తయారవుతాయి. అంటే పోటీ పేరుకే!

నాకు ఆసక్తికరంగా తోచేది బెర్గ్‌మన్ అనే స్థానిక బీరు కంపెనీ. మూతపడిన ఈ పాత పేరును 2000ల్లో ఔత్సాహికులు తిరిగి నిలబెట్టారు. 2017 నుంచి ఫీనిక్స్ వెస్ట్ అనే పాత ఉక్కు కర్మాగార స్థలంలో సొంతంగా బీరు తయారుచేస్తున్నారు. ఎక్స్‌పోర్ట్ రుచి చూడాలంటే అక్కడికే వెళ్లండి. యూనియన్ వారి 1927 నాటి భవనం 2010 నుంచి కళాకేంద్రం.