టైం లేని పాఠకుడికి ఏ వ్యాసం ఇవ్వాలి?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నెలనెలా వచ్చే పత్రికలన్నీ చదివి, అందులో ఒక్క మంచి వ్యాసం ఎంచి, కుదించి వేసే పేజీ నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. బోలెడన్ని పత్రికలు ముందేసుకుని టెన్షన్ పడుతున్నానని రాశావు. ఆ టెన్షన్ ఉండాలమ్మా. నువ్వు పక్కన పెట్టేసిన వ్యాసం నీ పాఠకుల్లో చాలామంది కంట ఇక పడదు.

బిజీగా ఉండేవాళ్లకు నచ్చుతాయని చిన్నవీ, తేలికవీ ఏరుతున్నానన్నావు. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. డ్యూటీ దిగి బస్సులో కూర్చున్న మనిషికి దొరికేది పావుగంట. అది కాలక్షేపానికి ఖర్చయిపోతే ఆ రోజుకి ఇంకో పావుగంట దొరకదు. అందుకే గట్టి విషయం ఇవ్వాలి. పెద్ద వ్యాసమైతే కుదించే పని నీది.

ఈ పనికి బాట వేసిన డెవిట్ వాలెస్ సంగతి చూడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి ఫ్రాన్స్‌లో సైనిక ఆసుపత్రిలో ఉన్నప్పుడు పత్రికలు తెగ చదివాడు. విషయం చెడకుండా వాటిని ఎంత తగ్గించొచ్చో చూసుకున్నాడు. అమెరికా తిరిగొచ్చాక నెలల తరబడి లైబ్రరీలో కూర్చుని వ్యాసాలు కుదించాడు. ప్రచురణకర్తలు వద్దంటే భార్య లైలాతో కలిసి 1922 ఫిబ్రవరిలో తనే ‘రీడర్స్ డైజెస్ట్’ మొదలుపెట్టాడు. రోజుకొకటి చొప్పున నెలకు 31 వ్యాసాలు. ప్రతి వ్యాసానికీ నిలిచే విలువ ఉంటుందని పత్రిక మీదే వేసుకున్నాడు. ఆ నిలిచే విలువ అన్న మాట పట్టుకో. వచ్చే ఏడాది చదివినా పనికొస్తుందా అని ప్రతి వ్యాసాన్నీ అడుగు.

ఆ పత్రిక చేసిన ఎంపికల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది 1952 డిసెంబర్ నాటిది. సిగరెట్లకూ ఊపిరితిత్తుల కేన్సర్‌కూ సంబంధం ఉందని బ్రిటన్, అమెరికా పరిశోధకులు 1950లోనే గట్టి ఆధారాలతో వైద్య పత్రికల్లో రాశారు. ఆ పత్రికలు డాక్టర్లు చదివేవి, సిగరెట్ కాల్చేవాడి దాకా వచ్చేవి కావు. రాయ్ నార్ అనే ఆయన ఈ విషయం మీద ‘క్రిస్టియన్ హెరాల్డ్’ అనే మతపత్రికలో రాశాడు. డైజెస్ట్ సంపాదకులు దాన్ని పట్టుకుని, కుదించి, ‘కేన్సర్ బై ది కార్టన్’ (పెట్టెల కొద్దీ కేన్సర్) అన్న హెడ్డింగ్‌తో వేశారు. చాలా చిన్న వ్యాసం. అయినా దేశమంతా చర్చ మొదలైంది, మరుసటి ఏడాది అమెరికాలో సిగరెట్ల వాడకం తగ్గింది. దానికి ఈ ఒక్క వ్యాసమే కారణమని నేననను. కానీ జనం దాకా ఆ సంగతి చేర్చినవాటిలో దీనిది పెద్ద చెయ్యి.

ఇందులో నువ్వు గమనించాల్సింది రెండు. అది పేరున్న సాహిత్య పత్రికలోంచి తీసింది కాదు. కాబట్టి రైతుల పత్రికలు, ఉద్యోగ సంఘాల పత్రికలు, జిల్లాల నుంచి వచ్చే చిన్న పత్రికలు కూడా తెప్పించుకో. రెండోది, అమెరికా సంచికలో డైజెస్ట్ 1955 దాకా ప్రకటనలే వేసుకోలేదు. సిగరెట్ కంపెనీకి కోపం వస్తుందన్న భయం దానికి లేదు. నీ పత్రికకు ప్రకటనలు ఉంటాయి, తప్పదు. ఏదైనా వ్యాసం ప్రకటనదారుడి కోసం ఆపమంటే మాత్రం ఎడిటర్ గారితో గట్టిగా మాట్లాడు.

ఆ పత్రికదే ఒక తప్పు కూడా చెప్పాలి. తామే వ్యాసాలు రాయించి, వేరే పత్రికల్లో వేయించి, అక్కడి నుంచి ఎంచినట్టు మళ్లీ వేసుకునేవాళ్లు. 1944లో ‘న్యూయార్కర్’ పత్రిక దీన్ని తప్పుపట్టి, ఇక తమ రచనలు ఇచ్చేది లేదంది. ఎంపిక పేరుతో సొంత సరుకు పెట్టకూడదు. నీ స్నేహితుల వ్యాసాలకూ ఇదే వర్తిస్తుంది.

ఇక నీ చేతి పని. వ్యాసం చదివి ఒక పూట వదిలెయ్. తర్వాత కాగితం చూడకుండా ఇంట్లో ఎవరికైనా చెప్పు. వాళ్లు "తర్వాత ఏమైంది?" అని అడిగితే అది నీ పేజీకి వస్తుంది. కుదించేటప్పుడు ఉపోద్ఘాతం తీసెయ్, చెప్పిందే చెప్పిన చోట్లు తీసెయ్. అంకెలు, తేదీలు, రచయిత స్వయంగా చూసి రాసిన సంగతులు మాత్రం ముట్టుకోకు. స్థలం చాలదని ముందుగా వాటినే కొట్టేస్తుంటారు చాలామంది. అప్పుడు అభిప్రాయం మిగులుతుంది, అది ఎందుకు నమ్మాలో మిగలదు.

రచయిత అనుమతి తీసుకో. కుదించిన ప్రతి ఆయనకు చూపించాకే ప్రెస్సుకు పంపు, మూల పత్రిక పేరు అందరికీ కనపడేలా వెయ్యి. వచ్చే నెల నువ్వు ఎంచిన వ్యాసంతో పాటు, వదల్లేక వదిలేసినది ఒకటి కూడా నాకు పంపు. రెండూ చదివి రాస్తాను.

ఇట్లు,
నీ మాస్టారు