ప్రసంగంలో స్లైడ్లు పెడితే జనం మన మాట వింటారా, తెరే చూస్తారా?

తెరకి ఏం ఎక్కించారన్న దాన్నిబట్టి ఉంటుంది. నోటితో చెబితే బుర్రకెక్కని దానికే బొమ్మ పెట్టండి. 1908 మూసీ వరద గురించి రవీంద్రభారతిలో మాట్లాడుతున్నారనుకోండి. ఆ వరద తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు హైదరాబాద్‌కి ఎగువన ఎందుకు కట్టారో ఎంత వర్ణించినా దిక్కులు తెలియక తికమకే. నది, ఊరు, రెండు జలాశయాలు మాత్రమే గీసిన మ్యాప్ చూపిస్తే చిటికెలో తేలిపోతుంది. అవి పూర్తయిన 1920, 1927 సంవత్సరాలకి మాత్రం స్లైడ్ దండగ, నోటితో చెప్పేయండి. ఆ వరదలో సుమారు 150 మందిని కాపాడిందని చెప్పుకునే ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు ఫొటో పెట్టాల్సిందే. పెట్టాక కాసేపు ఊరుకోండి, చూడనివ్వండి.

పేరాలకు పేరాలు తెర మీద నింపి, జనానికి వీపు చూపిస్తూ చదవడం మన సెమినార్లకి పట్టిన తెగులు. మీరు సగంలో ఉండగానే వాళ్లు చదవడం ముగించి ఫోన్లు తీస్తారు. బొమ్మతో పని అయిపోతే పవర్‌పాయింట్ షోలో కీబోర్డు మీద 'బి' నొక్కండి. తెర నల్లబడుతుంది, చూపులు మీ వైపు తిరుగుతాయి.

ఇంకోటి, మీ తెలుగు ఫాంట్ అక్కడి కంప్యూటర్‌లో లేకపోతే అక్షరాలు చెదిరిపోవచ్చు. ఎందుకొచ్చిన టెన్షన్, పీడీఎఫ్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి.