డ్రమ్ కోర్ చూసొచ్చి రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపింది రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చదివా. ఇండియానాపొలిస్‌లో లూకాస్ ఆయిల్ స్టేడియంలో డీసీఐ (డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అమెరికాలో ఈ డ్రమ్ బృందాల పోటీలు నడిపేవాళ్ళు) ఫైనల్స్ చూసి రూముకొచ్చి నిద్రపోకుండా అప్పుడే రాశానన్నావు చూడు, ఆ ఊపు నాకు భలే నచ్చింది, దాన్ని మాత్రం పోగొట్టుకోకు. కానీ చదివాక నాకు గుర్తున్నవి రెండే, ఎవరికెన్ని మార్కులొచ్చాయన్నది, "అద్భుతం" అన్న మాట. ఆ మాట తొమ్మిదిసార్లు వాడావు.

మార్కులు తీసెయ్. జనరల్ ఎఫెక్ట్‌కి, అంటే షో మొత్తంగా చూపే ప్రభావానికి 40, విజువల్‌కి 30, మ్యూజిక్‌కి 30, అది జడ్జీల పని, వాళ్ళు చూసుకుంటారు. 2008లో ఫాంటమ్ రెజిమెంట్ అనే బృందం బ్లూ డెవిల్స్ అనే బృందం మీద గెలిచింది 0.025 మార్కు తేడాతో, అంత తేడాని చెవితో పట్టుకునే మనిషి నాకైతే ఇంతవరకు తగల్లేదు. ఆ అంకె చదివితే ఊళ్ళో ఉన్న మీ అమ్మకి ఏం తెలుస్తుంది చెప్పు? ఆమెకి ముందు ఇదేంటో తెలియాలి కదా. ఫ్లూటూ క్లారినెట్టూ ఉండవు, ఇత్తడి బూరలు, డ్రమ్ములు, జెండాలూ చెక్క రైఫిళ్ళూ ఎగరేసి పట్టుకునే కలర్ గార్డ్, అంతే, నూట యాభై మందికి పైగా పిల్లలు, ఇరవై రెండు నిండితే ఇక ఆడనివ్వరు, ఎండాకాలమంతా రాత్రుళ్ళు బస్సుల్లో తిరుగుతూ ఏదో ఒక హైస్కూల్ జిమ్‌లో నేల మీద పడుకుంటూ పొద్దుట్నుంచి సాధన చేసేది పన్నెండు నిమిషాలు కూడా ఉండని ఒక్క షో కోసం. ఇది నువ్వెక్కడా చెప్పలేదు. ఇంకోటి, అది "కోర్", "కార్ప్స్" కాదు, చివరి అక్షరాలు పలకరు, నువ్వు మొత్తం కార్ప్స్ అనే రాశావు.

నా మొదటి వ్యాసంలో నేనూ మార్కులతోనే మొదలుపెట్టా, ఓ పత్రికవాళ్ళు తిప్పి పంపారు, అప్పుడు బాధపడ్డా గానీ వాళ్ళు చేసింది కరెక్టే. ఆ తర్వాత ఓ జూలై మధ్యాహ్నం శాన్ ఆంటోనియోలో ఆలమోడోమ్ స్టేడియం బయట పార్కింగ్ లాట్‌లో నిలబడ్డా. షోకి ముందు డ్రమ్‌లైన్లు వార్మప్ చేసుకునేది అక్కడే, టికెట్ కొనుక్కున్నవాళ్ళు కూడా లోపలికి పోకుండా చుట్టూ మూగి ఉంటారు. బేస్ డ్రమ్ములు అయిదు, చిన్నదాన్నుంచి పెద్దదాకా, ఒక్కొక్కరు ఒక్కోటి మోస్తారు, ఒక్కో డ్రమ్ముకి ఒకే స్వరం. అంటే గబగబా పరిగెత్తే ఒక వరసని ఎవరూ పూర్తిగా వాయించరు, నీదొక దెబ్బ, పక్కోడిదొక దెబ్బ, కళ్ళు మూసుకుని వింటే ఒక్క మనిషే వాయిస్తున్నట్టుంటుంది. నాలుగో డ్రమ్ము ఓ అమ్మాయిది. గ్లవ్స్ తీసేసింది, చేతులు మణికట్టు దాకా తెల్లగా, అక్కణ్ణుంచి పైకి నల్లగా కాలిపోయి ఉన్నాయి, మాలెట్ (డ్రమ్ము కొట్టే కర్ర) పిడికి చుట్టిన తెల్ల టేపు చెమటకి బూడిదరంగుకి తిరిగింది, కాళ్ళ దగ్గర గ్యాలన్ నీళ్ళ జగ్గు. పెదాలు కదుల్తున్నాయి, లెక్కపెట్టుకుంటోంది. తన దెబ్బ ఒక్కసారి ఇంత ఆలస్యమైంది, ఎవరికీ తెలిసుండదు, ఆ పిల్ల కళ్ళు మాత్రం మూతపడి తెరుచుకున్నాయి. మళ్ళీ అదే వరస, మళ్ళీ, మళ్ళీ, దాదాపు ఇరవై నిమిషాలు. ఆ రోజు ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తు లేదు గానీ ఆ చేతులు గుర్తున్నాయి.

నువ్వు "టైమింగ్ పర్ఫెక్ట్" అని రెండు ముక్కల్లో తేల్చేశావు, అసలు సంగతి అక్కడే ఉంది. గ్రౌండ్ వెడల్పు 160 అడుగులు, వెనకాల కొట్టిన దెబ్బ ముందుకి రావడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది, పాట జోరుగా ఉంటే అది అర దెబ్బకి దగ్గర. అందుకే ముందు గీత దగ్గర మారింబాలు (చెక్క పలకల్ని కొట్టి వాయించే వాద్యాలు) వాయించేవాళ్ళు, చేతులూపి తాళం చూపించే డ్రమ్ మేజర్ చేతులు చూసి వాయించకూడదు, వెనక్కి చెవి పెట్టాలి, "లిజన్ బ్యాక్" అంటారు. చూపు ఒకటి చెప్తుంది చెవి ఒకటి చెప్తుంది, వాళ్ళు చెవినే నమ్మాలి. ఇది నాలుగు వాక్యాల్లో రాశావనుకో, చదివేవాడు తర్వాతెప్పుడైనా వీడియో చూస్తే వేరేగా వింటాడు.

"మన డప్పుల్లాగే" అన్నావు. ఎలా? మనోళ్ళు సిర్ర, సిటికెన పుల్ల పట్టుకునే ముందు డప్పుని మంట దగ్గర కాస్తారు, వీళ్ళ స్నేర్ డ్రమ్ము మీద చర్మం బదులు కెవ్లార్ అనే గట్టి నేత, దాన్ని డ్రమ్ తాళంచెవితో బిగిస్తారు. డప్పు మోగితే జనం మధ్యలోకి దూకి చిందేస్తారు, ఇక్కడ కూర్చున్నచోటే ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా లేస్తారు. అంతవరకూ పోయి చెప్తే ఆ పోలిక ఉంచు, లేకపోతే కొట్టెయ్, ఊరికే గర్వం కోసం డప్పుని లాగొద్దు, దానికంటూ ఒక మర్యాద ఉంది.

ఎక్కడ కూర్చున్నావో కూడా చెప్పలేదు. కింద కూర్చుంటే మొహాలు కనపడతాయి, బూరలన్నీ మనవైపు తిరిగినప్పుడు ఆ మోత గుండెల మీద తగుల్తుంది, కానీ వాళ్ళు వేసే ఆకారాలు అర్థం కావు, అవి పైడెక్ నుంచే. స్నేర్, టెనర్, కలర్ గార్డ్ లాంటి మాటలు అలాగే ఉంచెయ్, తెలుగు చెయ్యబోయి వాటిని ఎవరికీ తెలియని మాటలు చెయ్యకు.

మూడో పేజీలో ఒక వాక్యం ఉంది, షో అయ్యాక బయట చీకట్లో ఒకబ్బాయి అందరూ డ్రమ్ములు దించేసినా తను దించకుండా అలాగే నిలబడ్డాడని. వాడికి అది ఆఖరి ఏడాది అయ్యుంటుంది. ఆ వాక్యం రాసి నువ్వు వెంటనే మార్కుల్లోకి వెళ్ళిపోయావు, నాకు ప్రాణం ఉసూరుమంది. వాడి దగ్గర నువ్వెంతసేపు నిలబడ్డావు, ఎవరైనా వచ్చి భుజం మీద చెయ్యేశారా, చివరికి ఎప్పుడు దించాడు? గుర్తున్నంతవరకు రాసి పంపు. దసరా లోపు పంపినా చాలు.

అక్క