సమాధానం: పాఠ్య ప్రణాళికలు రాస్తున్నారు, సిద్ధమై మాత్రం రావడం లేదు

మీ బడిలో టీచర్లు పాఠ్య ప్రణాళికలు రాస్తున్నా తరగతికి సిద్ధమై రావడం లేదని ప్రధానోపాధ్యాయులుగా మీరు అడిగారు. దీనికి కారణం బద్ధకం కాకపోవచ్చు. ముందు మీ సర్దుబాటు రిజిస్టరు తెరవండి. ఎవరైనా సెలవు పెడితే ఖాళీ పీరియడు ఉన్నవారినే ఆ తరగతికి పంపుతున్నారు కదా, పాఠానికి సిద్ధమయ్యే సమయం అక్కడే పోతోంది.

1. గత నెలలో ఎవరికి ఎన్ని సర్దుబాట్లు పడ్డాయో పేరుపేరునా లెక్కించండి. కాదనలేని మెతక మనుషులకే ఎక్కువ పడి ఉంటాయి.

2. చాలామంది వదిలేసే పని ఇది: టైంటేబుల్‌లో ఒక్కొక్కరికి రోజుకు ఒక ఖాళీ పీరియడును ఎర్ర సిరాతో చుట్టండి. ఆ గడిలోకి సర్దుబాటు రాకూడదు, నివేదికల పనీ రాకూడదు. మరీ తప్పనిసరైతే సుద్దముక్క పట్టుకుని మీరే వెళ్లండి. మా బడిలో వారానికి రెండుసార్లు ఏడో తరగతికి నేనే వెళ్లాను. మూడో వారంలో సైన్సు టీచరు నిమ్మకాయ, సబ్బునీళ్లు, లిట్మస్ కాగితాలతో తరగతికి వచ్చారు. అంతకుముందు ఆవిడ చేతిలో పాఠ్యపుస్తకం తప్ప ఏమీ ఉండేది కాదు.

3. పైవారు అడిగితే 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూపండి. ఎనిమిదో తరగతి వరకు ఉపాధ్యాయులకు చెప్పిన వారానికి 45 గంటల్లో సన్నద్ధత సమయం కూడా కలిసే ఉంది.

4. టీచర్లకు మెమోలు ఇవ్వడం ఆపి, ఒక నెల ఇలా నడిపి చూడండి.