సదస్సుకు వెళ్లబోయే మేనకోడలికి

బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఈ నగరపు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో మన తెలుగు మాట్లాడే దళిత స్త్రీల దగ్గర నువ్వు సేకరించిన వివరాలను మానవ హక్కుల సదస్సులో వినిపించాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఎక్కడికి పంపాలని అడిగావు. ఆ సభకు వచ్చేవారిలో ఈ స్త్రీల పరిస్థితిని కొంతైనా మార్చగలవారు ఉంటారా అన్నది ముందు తేల్చుకో. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సభలు జరిగే జెనీవా పేరు పెద్దదే. అయినా కాంట్రాక్టు షరతులు రాసే అధికారి, కార్మిక సంఘం నాయకురాలు, హైకోర్టులో వాదించే న్యాయవాది ఒకే గదిలో కూర్చునే సభ, మన ఊళ్లోని నాగర్‌భావిలో జరిగేది, నీ పనికి అంతకంటే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

అక్కడి నేషనల్ లా స్కూల్, బెన్సన్ టౌన్‌లోని ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల వెలువడే ప్రకటనలు గమనిస్తూ ఉండు. డిసెంబరు 10 మానవ హక్కుల దినం కాబట్టి ఆ రోజుకు అటూ ఇటూ సభలు ఎక్కువగా జరుగుతాయి. ఒకటి రెండింటికి శ్రోతగా వెళ్లి, ఎవరు ఏ ప్రశ్నలు వేస్తున్నారో విను.

జెనీవాకే వెళ్లాలనుకుంటే, అక్కడ ఏటా జరిగే ఐక్యరాజ్యసమితి వ్యాపారం–మానవ హక్కుల వేదికకు ప్రవేశ రుసుము లేదు. ఐక్యరాజ్యసమితి పేరు చెప్పి హోటల్ గదికి ముందుగా డబ్బు పంపమని ఎవరైనా ఉత్తరం రాస్తే అది మోసమనే అనుకో. అక్కడి మానవ హక్కుల మండలి సమావేశాల్లో మాట్లాడాలంటే ఐక్యరాజ్యసమితి దగ్గర సంప్రదింపుల హోదా ఉన్న సంస్థ తరఫున వెళ్లాలి, అప్పుడు కూడా దొరికేది రెండు నిమిషాల లోపే. అక్కడికి వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణ ఖర్చులు ఇస్తారేమో దరఖాస్తులోనే అడుగు, అందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

దరఖాస్తుతో పాటు నీ ప్రసంగం సారాంశం సాధారణంగా 250, 300 మాటల్లో అడుగుతారు. అందులో “వివక్షకు గురవుతున్నారు” వంటి వాక్యాలతో చోటు నింపకు. నువ్వు నాకు చూపించిన కాగితాల్లో ఒకామె జీతం చీటీలో పీఎఫ్ కోత ఉంది, ఖాతాలో మాత్రం ఆ నెల జమ కాలేదు. సారాంశం అక్కడ మొదలుపెట్టు. మురుగుకాల్వల్లో మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచిన తీర్పు ఎంతో ముఖ్యమైనదే, కాని అది కాల్వల్లోకి దిగేవారి గురించి. వీధులు ఊడ్చేవారి సమస్యను దానితో కలిపేస్తే, తెలిసినవారు నీ తక్కిన మాటలను కూడా నమ్మరు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది ఆ స్త్రీల భద్రత విషయంలో. పేరు తీసేసినంత మాత్రాన మనిషి ఎవరో తెలియకుండా పోదు. వార్డు, సందు, మస్టరు వేసే చోటు, ఎన్నేళ్లుగా పనిచేస్తోందో చెప్పావంటే మేస్త్రీకి ఆమె ఎవరో ఇట్టే తెలిసిపోతుంది, మర్నాడు ఆమె పనే పోవచ్చు. ముఖం కనిపించకపోయినా వెనక దుకాణం బోర్డు కనిపించే ఫొటో తెర మీద వేయకు. నీతో మాట్లాడేటప్పుడు ఆమె ఒప్పుకున్నది నీ నోట్సు వరకే. సదస్సు ప్రసంగాలను రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడతారన్న సంగతి విడిగా చెప్పి మళ్లీ అడుగు. వద్దంటే ఆ భాగం, అది ఎంత బలమైనదైనా సరే, తీసెయ్యి.

కుదిరితే వాళ్లలో ఒకరిని నీ పక్కన కూర్చోబెట్టుకో. 2022 జూలైలో సమ్మె కట్టి, ఈ నగరంలో నిరసనలు జరిగే ఫ్రీడమ్ పార్కులో కూర్చున్న స్త్రీలకు మాట్లాడటం మనం నేర్పనక్కర్లేదు. ఆమె పోగొట్టుకునే రోజుకూలి, రానుపోను ఖర్చు, తెలుగు నుంచి అనువదించే మనిషి, ఈ మూడూ నిర్వాహకులే చూసుకోవాలని ముందుగా రాతపూర్వకంగా ఒప్పించు.

పదిహేను నిమిషాలు ఇస్తే పన్నెండుకు సిద్ధమై వెళ్లు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన నుంచి చరిత్ర చెప్పనక్కర్లేదు, ఆ గదిలో అందరికీ తెలిసిందే. ఏ అధికారి ఏం చేయాలని నువ్వు కోరుతున్నావో చెప్పడానికి చివరి మూడు నిమిషాలు అట్టే పెట్టుకో.

వెంటనే ఫలితం కనిపించకపోతే నిరుత్సాహపడకు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సులో దళిత సంఘాలు కులవివక్షను ప్రపంచం ముందు పెట్టినా తుది పత్రంలో కులం ప్రస్తావన చేరలేదు. మరుసటి ఏడాదే ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ తన 29వ సాధారణ సిఫార్సులో, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులాన్ని చేర్చింది. ఆ వాదన అప్పటికే ఎందరికో చేరి ఉండటం దానికి తోడ్పడిందని నేను అనుకుంటాను. కనుక సభలో పరిచయమైనవారికి వారం లోపల ఉత్తరాలు రాయి, అడిగిన కాగితాలు పంపు.

సారాంశం రాయగానే ముందు ఆ స్త్రీలకు తెలుగులో చదివి వినిపించు. వాళ్లు చెప్పిన మార్పులు చేశాక నాకు పంపు, చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
నీ మేనమామ