డాలస్‌లో ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాద్ వచ్చేస్తుంటే ఇన్సూరెన్స్ సంగతి

మీరు అడిగింది ఇదీ: డాలస్ పక్కన ఫ్రిస్కోలో సొంతిల్లు ఉంది, అమ్మానాన్నల కోసం జూన్‌లో హైదరాబాద్ వచ్చేస్తున్నారు, ఇల్లు అమ్మకుండా అద్దెకిస్తారు. ఇప్పుడున్న హోమ్ ఇన్సూరెన్స్ అలాగే నడిపిస్తే సరిపోతుందా, లేక ఇండియాలోనే ఏదైనా పాలసీ తీసుకోవచ్చా?

సరిపోదండీ. అలాగే నడిపించి దెబ్బతిన్నవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇండియా పాలసీ ఆలోచన కూడా వదిలేయండి. మన దగ్గర 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష ఇక్కడి ఇళ్లకే. టెక్సస్ ఇంటికి టెక్సస్‌లో అమ్మే పాలసీయే తీసుకోవాలి.

మా ఇల్లు మీకు దగ్గర్లోనే, ప్లేనోలో. 2022 ఆగస్టులో వచ్చేశాం. మనవాళ్లకే, ఒక తెలుగు కుటుంబానికి అద్దెకిచ్చాం. ఇన్సూరెన్స్ డబ్బు మార్ట్‌గేజ్‌తో పాటు ఎస్క్రోలోంచి, అంటే పన్నులకు, ఇన్సూరెన్స్‌కు అప్పిచ్చినవాళ్లు మన డబ్బు దాచి కట్టే ఖాతాలోంచి, దానంతటదే పోతూ ఉంది. కడుతున్నాం కదా, ఇంకేం భయం అనుకున్నాం. మరుసటి ఏడాది ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకు ఫోన్ మోగింది. అక్కడ సాయంత్రం ఐదు. అద్దెకున్నాయన వీడియోలో పెరడు చూపిస్తున్నారు. గడ్డి నిండా నిమ్మకాయలంత వడగళ్లు. వాన తగ్గాక గట్టర్ గొట్టం కింద కెమెరా పెట్టారు. అక్కడ రెండు దోసిళ్ల నల్ల రవ్వ పోగుపడి ఉంది. పైకప్పు మీద పరిచే షింగిల్స్ అనే పలకల్ని ఎండ నుంచి కాపాడేది ఆ రవ్వే. అది అంతలా రాలిందంటే పైకప్పు మార్చుకోవాల్సిందేనని అక్కడ ఉన్నన్నాళ్లూ వింటూనే ఉన్నాం.

క్లెయిమ్ వేశాం. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపిన అడ్జస్టర్ వచ్చి నిచ్చెన వేయకముందే గుమ్మంలో ఉన్నాయన్ని అడిగిన మొదటి ప్రశ్న, "ఈ ఇల్లు మీదేనా?" అని. ఆయన ఉన్నమాట చెప్పారు. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ఈ పాలసీ యజమాని తానే ఉంటున్న ఇంటికి మాత్రమే, మీరు అక్కడ ఉండటం లేదు, కాబట్టి చెల్లించలేం అని. తీరా పాలసీ తెరిచి చూస్తే మొదటి పేజీల్లోనే, నిర్వచనాల దగ్గర ఆ మాట ఉంది. మేం ఏనాడూ చదవలేదు. పైకప్పుకు 17 వేల డాలర్లు చేతి నుంచి పెట్టుకున్నాం. మా ఆవిడ ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ ఫైల్లో అన్నిటికన్నా పైన పెడుతుంది.

కాబట్టి కంపెనీ పేరు, ప్రీమియం తర్వాత చూడండి. ఆ ఇంట్లో ఎవరుంటున్నారో కంపెనీకి నిజం చెప్పడమే మీరు ముందు చేయాల్సిన పని. "ఫలానా తేదీ నుంచి నేను ఉండను, ఇల్లు అద్దెకిస్తున్నాను" అని ఏజెంట్‌కు ఫోన్లో చెప్పి, అదే మాట మెయిల్లో కూడా పెట్టండి. ఇప్పుడు మీ దగ్గరున్నది బహుశా హెచ్‌ఓ-3 రకం హోమ్‌ఓనర్స్ పాలసీ. దాన్ని తీసేసి ల్యాండ్‌లార్డ్ పాలసీ ఇస్తారు. ఏజెంట్లు దాన్నే డ్వెల్లింగ్ ఫైర్ అని కూడా అంటారు. పేరులో ఫైర్ ఉందని అగ్నిప్రమాదానికే అనుకోకండి. అందులో డీపీ-1, డీపీ-2, డీపీ-3 అని మూడు రకాలు. డీపీ-1 చౌక. పాలసీలో రాసిన కొద్దిపాటి ప్రమాదాలకే వర్తిస్తుంది, డబ్బు కూడా సాధారణంగా తరుగు తీసేసి ఇస్తారు. డీపీ-3లో భవనం వరకు, మినహాయింపుల్లో లేనివన్నీ కవర్ అవుతాయి. ఏడు సముద్రాల అవతల కూర్చునేవాళ్లకు డీపీ-3యే సరైనదని నా గట్టి నమ్మకం. మాకు ఏడాదికి పాత పాలసీ మీద ఆరేడు వందల డాలర్లు ఎక్కువైంది. ఆ 17 వేలు కట్టాక ఇది భారం అనిపించలేదు. పైగా అద్దె ఇంటి ప్రీమియాన్ని అమెరికా పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవచ్చు.

ఇక పైకప్పు. ఉత్తర టెక్సస్‌లో ఇన్సూరెన్స్ అంటే సగం పైకప్పు గొడవే. కోట్, అంటే కంపెనీ ధర, షరతులు రాసిచ్చే కాగితం, వచ్చాక రెండు చోట్ల వేలు పెట్టి చూడండి. ఒకటి, గాలి, వడగళ్లకు డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో మన వాటాగా మనమే పెట్టుకోవాల్సిన డబ్బు, ఎంత అన్నది. అది మామూలు డిడక్టిబుల్ కాదు, భవనం బీమా మొత్తంలో శాతంగా రాస్తారు. 2 శాతం అంటే చిన్నదిగా కనిపిస్తుంది. కానీ 4 లక్షల డాలర్ల ఇంటికి అది 8 వేలు, మీ జేబులోంచి. రెండోది, పైకప్పుకు రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఇస్తారా, యాక్చువల్ క్యాష్ వాల్యూ ఇస్తారా అన్నది. మొదటిదైతే కొత్తది వేయడానికయ్యే ఖర్చు ఇస్తారు. రెండోదైతే పైకప్పు వయసును బట్టి తరుగు కోసేస్తారు. పదిహేనేళ్ల పైకప్పుకు డిడక్టిబుల్ కూడా పోగా చేతికి పెద్దగా ఏమీ రాదు. కొన్ని కంపెనీలు భవనానికంతా రీప్లేస్‌మెంట్ అని రాసి, పైకప్పుకు మాత్రం వేరే కాగితం జోడిస్తాయి. ఆ కాగితం ఉందేమో అడిగి మరీ చూడండి.

ఇంకో మాట. వాన వెలిసిన మర్నాడే తలుపు తట్టే రూఫర్లు, అంటే పైకప్పులు వేసేవాళ్లు, ఉంటారు. "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం, మీరు పైసా పెట్టక్కర్లేదు" అంటారు. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం. డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు చూపించమని కంపెనీ అడగొచ్చు. మీరు అక్కడ ఉండరు కాబట్టి మీ కిరాయిదారుకు ముందే చెప్పి ఉంచండి, ఎవరి కాగితం మీదా సంతకం పెట్టొద్దని.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇల్లు ఖాళీగా ఉండే రోజులు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు చేరేలోపు నెలా రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఇల్లు 30 రోజులో, 60 రోజులో దాటి ఖాళీగా ఉంటే చాలా పాలసీల్లో విధ్వంసం, అద్దాలు పగలడం లాంటివాటికి కవరేజీ పోతుంది. మీ పాలసీలో ఎన్ని రోజులో కనుక్కుని క్యాలెండర్‌లో రాసుకోండి. అంతకు మించేలా ఉంటే వేకెంట్ హోమ్ కవర్ అడగాలి. చలికాలంలో ఖాళీ అయితే మరీ జాగ్రత్త. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు మేం అక్కడే ఉన్నాం. పక్కింటివాళ్ల అటక మీద గొట్టం పగిలి, కరిగాక సీలింగ్ మొత్తం తడి అట్టముక్కలా హాల్లోకి ఊడిపడింది. ఖాళీ ఇంట్లో హీటింగ్ నడవకుండా, నీళ్లు కట్టేయకుండా వదిలేసి గొట్టాలు పగిలితే అది మన నిర్లక్ష్యమే అంటుంది కంపెనీ. అందుకే ఇల్లు ఖాళీ అయిన ప్రతిసారీ మా ప్రాపర్టీ మేనేజర్ మెయిన్ వాల్వ్ కట్టేసి ఫోటో పంపిస్తారు. వారానికోసారి వెళ్లి చూసినట్టు కూడా ఫోటోలు పెడతారు. క్లెయిమ్ వస్తే ఆ ఫోటోలే మనకు సాక్ష్యం.

బీమా మొత్తాన్ని ఇంటి మార్కెట్ రేటును బట్టి పెట్టకండి. స్థలం కాలిపోదు కదా, ఇల్లు మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంత చాలు. అద్దె నష్టం కవర్ తప్పకుండా ఉండాలి. మరమ్మతులకు ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే మార్ట్‌గేజ్ మాత్రం ఆగదు. లయబిలిటీ, అంటే ఆ ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలి మన మీదికి వస్తే ఇచ్చే కవర్, 3 లక్షల డాలర్లకు తగ్గొద్దు. అక్కడ మెట్టు మీద జారి పడినా దావా వేస్తారు. మీరు వదిలి వచ్చే ఫ్రిజ్, వాషర్ లాంటివాటికి దొంగతనం కవర్ చాలా డీపీ పాలసీల్లో విడిగా కలుపుకోవాలి. కిరాయిదారు సామానుకు మీ పాలసీలో పైసా రాదు, కాబట్టి వాళ్లు రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకోవాలని లీజులోనే రాయించండి.

వరద ఈ పాలసీల్లో దేనిలోనూ ఉండదు. ప్రభుత్వ వరద బీమాలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్ల వరకు ఇస్తారు, కానీ సాధారణంగా కొన్న 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. మేఘం చూసి కొందామంటే కుదరదు. ఇంటి వెనక వాగు ఉంటే విమానం ఎక్కకముందే తీసుకోండి.

బ్యాంకుకు కూడా చెప్పండి. పాలసీ మారేటప్పుడు మధ్యలో ఒక్కరోజు ఖాళీ వచ్చినా, వాళ్లే ఫోర్స్-ప్లేస్డ్ అని ఒక ఖరీదైన పాలసీ కొని మీ ఖాతాలో వేయొచ్చు. అది ప్రధానంగా వాళ్ల అప్పును కాపాడటానికి. మెయిలింగ్ అడ్రస్ మార్చడం మరవకండి. రెన్యువల్ చేయం అనే ఉత్తరం అక్కడి పోస్టుబాక్సులో పడి ఉంటే మనకెలా తెలుస్తుంది? అమెరికా ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా ఉంచుకోండి, ఓటీపీలు దానికే వస్తాయి.

ఎంచుకోవడానికి టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖవాళ్ల హెల్ప్‌ఇన్సూర్ సైట్ చూడండి, కంపెనీల ఫిర్యాదుల లెక్కలు ఉంటాయి. తర్వాత ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంట్ కాకుండా, నాలుగైదు కంపెనీల పాలసీలు అమ్మే ఇండిపెండెంట్ ఏజెంట్‌ను పట్టుకోండి. ఇక్కడికొచ్చాక మాట్లాడాలంటే ఎండాకాలంలో మన రాత్రి ఏడున్నర వాళ్లకు ఉదయం తొమ్మిది.

మీ పైకప్పు ఏ సంవత్సరంలో వేసిందో, ఇంటి బీమా మొత్తం ఎంతో ఇక్కడే రాయండి. కోట్లు వచ్చాక వాటిని కూడా పెట్టండి, కూర్చుని ఒక్కొక్క లైను కలిసి చూద్దాం.